మాస్టరమ్మ నడుం కొలత

ఒంట్లో కొవ్వు తీయించుకోవడం తప్పేమీ కాదు. ఎవరి ఒళ్ళు వాళ్ళిష్టం. కానీ ఒంటికంటే ముందు గుడ్డ కత్తిరించి పెట్టుకుని, ఆ గుడ్డకి సరిపోయేలా ఒంటిని కత్తిరించుకోబోయిన మనిషిని మాత్రం నేను మాస్టరమ్మనొక్కదాన్నే చూశాను.

మాస్టరమ్మకి ఆడవాళ్ళ బట్టలు కుట్టే దుకాణం ఉంది. ఇంటి మేడమీద రెండు గదులు, మూడు మిషన్లు, గోడ నిండా మేకులకి వేలాడే కాగితపు నమూనాలు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. పనిలో వంక పెట్టడానికి లేదు, ఏ వంక పెట్టాలన్నా ఆవిడ నోటికే పెట్టాలి. కొలత తీసేటప్పుడు టేపు చుట్టి, అంకె చూసి, అవతలి గదిలో పుస్తకం పట్టుకు కూర్చున్న కూతురికి వినపడేలా అరుస్తుంది. అదీ ఆవిడ పద్ధతి. రెండు గదులకీ మధ్య తలుపు లేదు, తెర ఒక్కటే. కాబట్టి మీ నడుం ఎంతో మీకు తెలిసేలోపే బెంచీమీద వరసగా కూర్చున్న అయిదుగురికీ తెలిసిపోతుంది. కాస్త ఒళ్ళున్న మనిషి వచ్చిందంటే ఆవిడ గొంతుకి ఎక్కడలేని హుషారూ వస్తుంది. "నలభై రెండు. ఆగాగు, అప్పుడే రాయకు. ఊపిరి వదలవమ్మా, ఎంతసేపని బిగపడతావు. ఆఁ, నలభై అయిదు, రాసుకో." అవతల ఎవరో కిసుక్కుమంటారు. లోపలి మనిషి తల దించుకుని చెప్పులేసుకుంటుంది. మొహమాటానికి కుడితే చంకలో చిరుగుతుందని మాస్టరమ్మ వాదన.

ఈ పద్ధతికి అందరికంటే ఎక్కువ బలైంది సొంత తోటికోడలు. మరిది పెళ్ళి కుదిరినప్పుడు కొత్త పెళ్ళికూతురికి బట్టలమీద వేసుకునే పొడుగు కోటు కుట్టే పని మాస్టరమ్మ తీసుకుంది. ఇంటి ముందు గదిలో రెండువైపుల వాళ్ళూ కూర్చుని ఉండగా ఆ పిల్ల రెండు చేతులూ ఎత్తి నిలబడింది. టేపు తుంటి చుట్టూ తిరిగొచ్చింది. "నలభై ఎనిమిది" అని అరిచింది మాస్టరమ్మ. "తప్పు విన్నామనుకుంటారేమో, నలభై ఎనిమిదే. గుడ్డ ఇంకో మీటరు తెప్పించండి." నవ్వులే నవ్వులు. అందరిలోకీ గట్టిగా నవ్వింది మాస్టరమ్మ మగడి మేనత్త, ఇంట్లో అంతా పెద్దత్త అని పిలిచే ముసలావిడ. ఆ సాయంత్రమే ఆవిడ, "నలభై ఎనిమిదీ, కాసిని మంచినీళ్ళు పట్రావే" అని పిలిచింది. ఆ పిల్ల తెచ్చింది. ఇంకేముంది, పేరు ఖాయమైపోయింది.

అది జరిగి పంతొమ్మిదేళ్ళు. ఆ పిల్ల ఇప్పుడు ఆస్పత్రిలో గాయాలకి కట్లు కట్టే నర్సు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆస్పత్రి హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఇంట్లో పెద్దవాళ్ళకి నలభై ఎనిమిది, పిల్లలకి నలభై ఎనిమిది పిన్ని. పిలిస్తే పలుకుతుంది. మొహం మాడ్చుకోగా ఎవరూ చూడలేదు. "దానికి రోషం లేదు. ఒళ్ళెంతో ఓర్పూ అంత" అనేది మాస్టరమ్మ, మెచ్చుకుంటున్నాననుకుని.

మరి ఇంత గొప్ప మనిషికి తన నడుం తనకెప్పుడు కనపడింది? కూతురి పెళ్ళి కుదిరినప్పుడు. కాబోయే వియ్యపురాలు సన్నగా, రివటలా ఉంటుంది. మొదటిసారి ఇంటికొచ్చి, మాస్టరమ్మని పైనుంచి కిందకి ఓసారి చూసి, నవ్వుతూ అంది. "వదినగారూ, మీ చేతిలో పనుంది కాబట్టి సరిపోయింది. కొనుక్కోవాలంటే ఈ సైజులు దొరకవు పాపం." సరిగ్గా ఇన్నేళ్ళూ మాస్టరమ్మ తెర ఇవతల నిలబడి అరిచిన మాటే అది, కాస్త చక్కెర పూసి. కానీ ఆవిడకది తట్టలేదు. ఆ 'పాపం' దగ్గర మాత్రం తల కొట్టేసినట్టయింది. వాళ్ళు వెళ్ళగానే తలుపేసుకుని అద్దం ముందు టేపు చుట్టుకుంది. నలభై. ఆ అంకె మాత్రం ఎవరికీ అరిచి చెప్పలేదు.

పెళ్ళికి ఇంకా మూడు నెలలుంది. పెళ్ళి ఫొటోలో ఆ రివట పక్కన ముప్పై ఆరు నడుంతో నిలబడాలి. అంతే, ఇంకో ఆలోచన లేదు. తిండి మానితే ఆకలి తప్ప ఏమీ మిగల్లేదు. చివరికి కొవ్వు పీల్చే ఆపరేషను చేసే డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన నిదానస్తుడు. "రెండంగుళాలు తగ్గొచ్చు, మహా అయితే మూడు. అది కూడా వెంటనే కాదు. ముందు వాపొస్తుంది, ఉన్నదానికంటే లావుగా కనపడతారు. అది తగ్గడానికి నెలలు పడుతుంది" అని బొమ్మ గీసి మరీ చెప్పాడు. మాస్టరమ్మ తలూపింది. తనకి కావాల్సింది నాలుగు, ఆయన మూడంటున్నాడంటే నాలుగు వస్తుందనే లెక్క వేసుకుంది. ఇంటికి వెళ్ళే దారిలోనే ముదురాకుపచ్చ మఖమలు గుడ్డ తీసుకుంది. ఆ వారమే ముప్పై ఆరు నడుంకి గౌను కత్తిరించేసింది.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. కుట్టుపని తెలిసినవాళ్ళెవరైనా కుట్టు లోపల అంగుళన్నర గుడ్డ వదులుతారు. రేపు ఒళ్ళొస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు. ఇరవై ఆరేళ్ళలో మాస్టరమ్మ ఎవరికీ ఆ గుడ్డ వదలకుండా కుట్టలేదు. తన గౌనుకి మాత్రం దారం పట్టేంత వదిలి మిగతాది కత్తిరించి పారేసింది. చూస్తున్న కూతురు, "అమ్మా, అదేంటి?" అంది. "విప్పుకోవడానికి గుడ్డుంటే ఒళ్ళు దానికోసమే కాచుకుని కూచుంటుంది. నా కత్తెర తప్పదులే" అంది మాస్టరమ్మ. గౌను కుట్టేసి బీరువాలో వేలాడదీసి మరీ ఆపరేషనుకి వెళ్ళింది.

కోలుకోవడానికి ఎక్కడుండాలన్నది సమస్య అయింది. సొంతింట్లో ఉంటే దుకాణానికి మెట్లెక్కేవాళ్ళు ఎవరో ఒకరు చూస్తారు, సంగతి బయటపడుతుంది. నోరు మెదపని మనిషి కావాలి, కట్లు కట్టడం వచ్చిన మనిషి కావాలి. తోటికోడలికి ఫోను చేసింది. "రెండు వారాలు సెలవు పెట్టు. మీ ఇంట్లో ఉంటాను" అంది. ఇష్టమేనా అని అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. మరిది లారీ తోలుతాడు, నెలలో ఇరవై రోజులు రోడ్డుమీదే. దుకాణానికొచ్చేవాళ్ళకి మాస్టరమ్మ కొత్త మిషన్లు చూడ్డానికి పొరుగూరు వెళ్ళిందని కూతురు చెప్పింది.

ఆపరేషను బాగానే జరిగింది. రొమ్ముల కిందనుంచి తొడల మొదలు దాకా పట్టే ఎలాస్టిక్ తొడుగొకటి వేసి పంపారు. దాన్ని ఆస్పత్రిలో అందరూ బెల్టంటారు. పక్కన కొక్కేల వరస ఉంటుంది. అలాంటివి రెండిచ్చారు, ఒకటి ఒంటిమీద ఉంటే ఒకటి ఉతుక్కోవడానికి. స్నానానికి తప్ప విప్పకూడదు. డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు. ఆరు వారాల దాకా టేపు పట్టుకోవద్దన్నాడు. తోటికోడలు ఆ మాట కాగితం మీద రాసుకుంది. మాస్టరమ్మ అప్పటికే టేపు దిండు గలీబులో దాచుకుంది.

మొదటి రెండు రోజులూ మాస్టరమ్మకి నరకమే. పొట్టమీద లారీ ఎక్కి దిగినట్టుంది. చిల్లులు పెట్టిన చోట్లనుంచి ఎర్రటి నీళ్ళు కారి పక్కబట్టలు తడిసిపోయేవి. తోటికోడలు రోజుకి నాలుగుసార్లు దూది మార్చేది, చంకల కింద చేతులేసి లేపి దొడ్డికి తీసుకెళ్ళేది, తిరిగి పడుకోబెట్టేది. ఇంత చేయించుకుంటూ కూడా మాస్టరమ్మ నోరు ఊరుకుందా? లేదు. "ఆ తలుపులోంచి నిటారుగా ఎలా వస్తున్నావే, పక్కకి తిరగక్కర్లేదూ?" అనేది. "నువ్వు కూర్చుంటే మంచం నీవైపు వాలుతోంది, నేను దొర్లి నీమీద పడితే నా కుట్లు ఊడతాయి" అనేది. తోటికోడలు "ఊఁ" అనేది. ఆ ఊఁ తప్ప ఇంకో మాట వచ్చేది కాదు.

రెండో రోజు సాయంత్రం బెల్టు సర్దుతూ తోటికోడలు ఆగింది. "అక్కా, ఈ పక్క కుట్టు లోపలికి ఒత్తుకుంటోంది. కాస్త దూది పెట్టనా?"

"కట్లు నీ పని. కుట్టు నా పని" అంది మాస్టరమ్మ కళ్ళు తెరవకుండానే. "సూదిలో దారం ఎక్కించడం రానిదానివి, నువ్వు నాకు కుట్టు గురించి చెప్పేదానివైపోయావా? ఇంకోసారి కుట్టు సంగతిలో నోరెత్తావంటే బాగుండదు."

"సరేక్కా" అంది తోటికోడలు. దూది పక్కన పెట్టేసి కొక్కేలు పెట్టింది.

నాలుగో రోజుకి మాస్టరమ్మ తనంతట తాను లేవగలిగింది. స్నానం కూడా నేనే చేస్తానంది, కొక్కేలు పెట్టడానికి మాత్రం పిలుస్తానంది. స్నానాలగదిలో గడియ పెట్టుకుని, బెల్టు విప్పి, గలీబులోంచి తెచ్చుకున్న టేపు నడుం చుట్టూ తిప్పింది. నలభై మూడు.

ఇంకోసారి తిప్పింది. నలభై మూడే. మాస్టరమ్మ తడినేలమీద అలాగే కూలబడింది. నలభై ఉన్న మనిషిని కోసి, పీల్చి, రక్తం ఓడ్చి నలభై మూడు చేశారా? డాక్టరు వాపు గురించి చెప్పినవన్నీ మర్చిపోలేదు, గుర్తున్నాయి. కానీ ఇరవై ఆరేళ్ళు మనుషుల మాట నమ్మకుండా టేపు మాట నమ్మిన మనిషి. వాపొచ్చిందనీ, నెలసరి దగ్గరపడిందనీ, ఇప్పుడే తిన్నాననీ ఎంతమంది చెప్పారు? అందరి నోళ్ళూ మూయించింది ఈ టేపుతోనే. ఇప్పుడదే టేపు చెబితే నమ్మకుండా ఎలా ఉంటుంది? ఏడుపొచ్చింది, నీళ్ళు ఒంపుకుంటూ ఏడ్చింది.

ఏడుపయ్యాక ఆలోచించింది. ఆలోచించగా ఆవిడకి లోపం బెల్టులో కనపడింది. రెడీమేడు బెల్టు. అందరికీ ఒకే తీరున కుట్టినది, నడుం దగ్గర పట్టు లేదు. ఎవడో ఫ్యాక్టరీలో కూర్చుని కుట్టినది తన ఒంటికి ఎలా సరిపోతుంది? దీన్ని సరిచేయడం తనకి ఎంతసేపు పని? పొద్దుపోవడం లేదని చెప్పి కూతురి చేత సూదీ దారాల డబ్బా తెప్పించుకుంది. తోటికోడలు బజారుకి వెళ్ళిన సమయం చూసి, ఉతికి ఆరేసిన బెల్టు తీసుకుని తిరగేసింది. రెండు పక్కలా నడుం దగ్గర లోతుగా, పైకీ కిందకీ పోయేకొద్దీ సన్నగా లోపలికి పట్టి కుట్టింది. ముందువైపు మడిచి రెండు టక్కులు కూడా వేసింది. దగ్గరదగ్గర కుట్లు, ఎక్కడా ముడి కనపడదు. దళసరి ఎలాస్టిక్కు లోపలివైపు మడతలు పడి తాడులా లేచింది. మొత్తం మీద మూడంగుళాలు తగ్గింది. సాయంత్రంలోపు రెండో బెల్టు కూడా అలాగే తయారైంది.

మర్నాడు స్నానమయ్యాక తోటికోడలు కొక్కేలు పెట్టడానికి వచ్చింది. మొదటి కొక్కెం అందలేదు. రెండు చేతులతో లాగింది, అయినా అందలేదు.

"బిగుతుగా ఉందేంటక్కా?"

"వాపు కదా మరి. డాక్టరు చెప్పలేదూ? లాగు."

తోటికోడలు మాస్టరమ్మ మొహంలోకి చూసింది. ఎప్పుడూ అంతసేపు చూసిన మనిషి కాదు. తర్వాత మోకాలు మంచానికి ఆనించి, బెల్టు రెండు అంచులూ గట్టిగా పట్టుకుంది. "ఊపిరి బిగపట్టక్కా" అంది. మాస్టరమ్మ బిగపట్టింది. ఒక్కో కొక్కెమూ టక్ టక్ మని పడింది. పిచ్చిది, కనిపెట్టలేదనుకుని మాస్టరమ్మ లోలోపల నవ్వుకుంది.

అక్కణ్ణుంచి ఆవిడకి పండగే. బెల్టు మీదనుంచి టేపు చుడితే నలభై ఒకటి. రెండు రోజులకి నలభై. ఇంకో రెండు రోజులు ఆగి మళ్ళీ ఇంకో అంగుళం పట్టింది. ముప్పై ఎనిమిదిన్నర. నొప్పి పెద్దగా లేదు. ఆపరేషను తర్వాత పొట్టంతా మొద్దుబారిపోయింది, గిల్లినా తెలియదు. స్నానానికి విప్పినప్పుడు నడుం చుట్టూ ఎర్రటి గీత కనపడేది. దారం కట్టి తీసినట్టు లోతుగా ఉండేది. చూసి మురిసిపోయింది. పోయిన నడుం తిరిగొస్తోందనుకుంది. కూతురికి ఫోను చేసి, "గౌను ఓసారి బయట వేలాడదీయవే, మడత పడుతుంది" అంది. గీత ఊదారంగుకి తిరిగింది. కమిలిందిలే, కమలడం మామూలేనని డాక్టరు చెప్పాడు కదా అనుకుంది. తోటికోడలు రోజూ బెల్టు ఉతికి, రెండు చేతులా పిండి, దండెం మీద ఆరేసేది. రోజూ కొక్కేలు పెట్టేది. "కట్టోసారి చూడనా అక్కా?" అని మాత్రం రోజూ అడిగేది. "నీ సెలవు అయిపోయేదాకా నన్ను చూస్తూనే కూచుంటావా? పో, వెళ్ళి నీ అద్దంలో నిన్ను చూసుకో, పట్టినంత మేర" అనేది మాస్టరమ్మ.

పదమూడో రోజు మధ్యాహ్నం మాస్టరమ్మకి చలి పుట్టింది. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటక కొట్టుకున్నాయి. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. తోటికోడలు వచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది. ఇక అడగలేదు, దుప్పటి తీసేసి కొక్కేలు విప్పింది. బెల్టుతో పాటు ఏదో అంటుకుని లేచింది. వాసన గుప్పుమంది. పొట్టకి అడ్డంగా, నడుం చుట్టూ రెండు వేళ్ళ వెడల్పున చర్మం నల్లగా, గట్టిగా తోలులా అయిపోయి ఉంది. దానికి పైనా కిందా ఒళ్ళు ఉబ్బి పొంగింది. నర్సు కాబట్టి చూడగానే అర్థమైంది. మొహంలో మాత్రం ఏమీ తెలియనివ్వలేదు. "ఆస్పత్రికి పోదాం" అంది.

డాక్టరు నోరెళ్ళబెట్టి చూశాడు. బెల్టు చేతిలోకి తీసుకుని తిరగేశాడు. లోపలి మడతల మీద వేలు పెట్టి, దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ కుట్టు ఎవరిది?"

మాస్టరమ్మ వణుకుతూనే ఉంది. ఆ వణుకులో కూడా గొంతులో ఓ మోస్తరు గర్వం పలికింది. "నాదే" అంది.

"కుట్టు బాగుంది" అన్నాడు డాక్టరు. "చర్మం చచ్చిపోయింది. తీసెయ్యాలి."

తీసేశారు. పొట్టమీద ఈ చివరనుంచి ఆ చివరదాకా కాలవ తవ్వినట్టయింది. వారం రోజులు ఆస్పత్రిలోనే ఉంది. ఇంకో ఆరు వారాలు రోజూ కట్టు మార్చాల్సొచ్చింది. ఎవరు మార్చారు? తోటికోడలే. డ్యూటీ దిగి, బస్సు మారి వచ్చి, మాట్లాడకుండా కట్టు మార్చి వెళ్ళేది. కాలవ నెమ్మదిగా పూడి, ముడుచుకుని, లోపలికి లాక్కుపోయి గట్టిపడింది. "ఇది పోదు" అన్నాడు డాక్టరు. "ఎప్పటికీ పోదు. దీనిమీద బిగుతైన బట్ట వేయకండి, మళ్ళీ చిట్లుతుంది." మాస్టరమ్మ ఆయన్ని అడిగిందొక్కటే. టేపు పట్టుకోవచ్చా అని.

పెళ్ళి ఎల్లుండనగా మాస్టరమ్మ దుకాణానికి వచ్చింది. గౌను బీరువాలోంచి తీయించింది. టైలరు తన కొలత తను తీసుకోకూడదు, చేతులు కదిలితే టేపు జారి అంకె అబద్ధం చెబుతుంది. కూతురేమో తెర అవతల పుస్తకం దగ్గర కూర్చుంది. కట్టు మార్చడానికి వచ్చిన తోటికోడలు చేతికి టేపిచ్చింది. "తియ్యి. దాపరికం లేకుండా తియ్యి" అంది. తోటికోడలు టేపు తీసుకుని నడుం చుట్టూ తిప్పింది. టేపు సరిగ్గా కాలవలోకి దిగి కూర్చుంది.

"ముప్పై ఆరు" అంది తోటికోడలు.

మాస్టరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎంతా?"

"ముప్పై ఆరు." ఆ తర్వాత తోటికోడలు గొంతు పెంచింది. ఆ ఇంట్లో పంతొమ్మిదేళ్ళలో ఎవరూ వినని గొంతు. బెంచీమీద నలుగురున్నారు, మిషన్ల దగ్గర ముగ్గురు. "దానికి రెండంగుళాల పైన నలభై ఒకటి. రాసుకున్నావా తల్లీ? దానికి రెండంగుళాల కింద నలభై నాలుగు. తప్పు విన్నాననుకుంటావేమో, నలభై నాలుగే." మిషన్లు ఆగిపోయాయి. అవతల ఎవరో కిసుక్కుమని వెంటనే నోరు మూసుకున్నారు.

గౌను నడుం దగ్గర కచ్చితంగా సరిపోయింది. పైన జిప్పు సగంలో ఆగిపోయింది, కింద తుంటి దాటలేదు. మాస్టరమ్మ అలవాటు ప్రకారం కుట్టు తిరగేసి లోపలి గుడ్డ కోసం వేళ్ళతో వెతికింది. దారం పట్టేంత తప్ప ఏమీ తగల్లేదు. ఆ గుడ్డ తనే కత్తిరించి పారేసింది. గౌను ఒంటిమీద సగం ఎక్కి సగం ఆగి ఉండగా, ఆవిడ స్టూలు మీద కూర్చుండిపోయింది. తోటికోడలు కింద కూర్చుని కట్టు గుడ్డలు సర్దుకుంటోంది.

"నిజం చెప్పు. నేను బెల్టు పట్టి కుట్టిన సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే తెలిసింది. కొక్కెం అందనప్పుడు."

"మొదటిరోజే తెలిసిందా? మరి రోజూ నీ చేత్తోనే కదా పెట్టావు?"

"ఊఁ. ఉతికింది కూడా నేనేగా. టక్కులు వేలికి తగిలేవి."

"మరి చెప్పలేదేం? అలా బిగిస్తే ఏమవుతుందో నర్సువి, నీకు తెలియదూ?"

"తెలుసు" అంది తోటికోడలు. కట్టు గుడ్డ మడత పెట్టి సంచిలో వేసుకుంది. "కుట్టు సంగతిలో నోరెత్తొద్దన్నావుగా అక్కా."

మాస్టరమ్మ స్టూలు మీదనుంచి లేచింది. తిట్టడానికి నోరు తెరిచింది. కానీ ఏమని తిడుతుంది? పక్కనే తెర ఉంది, తెర అవతల చెవులన్నీ ఇటే ఉన్నాయి. తోటికోడలు లేచి, సంచిలోంచి మడతపెట్టిన కోటొకటి తీసి స్టూలు మీద పెట్టింది. పాతది, గోధుమరంగుది, ఇంటిల్లిపాదీ ఎరిగినది. పంతొమ్మిదేళ్ళ కిందట మాస్టరమ్మే కుట్టింది. "బిగుతు బట్ట వేయొద్దన్నారు కదా. ఇది వదులుగా ఉంటుంది. లోపల గుడ్డ కూడా బాగా వదిలావు అప్పట్లో" అంది. కోపం గొంతులో లేదు. అందుకే మాస్టరమ్మకి ఎక్కువ భయమేసింది.

వేరే దారి లేదు. కొత్తది కుట్టే వ్యవధి లేదు, ఇంట్లో ఉన్నవన్నీ నడుం దగ్గర ఒత్తేవే. పెళ్ళి హాల్లో మాస్టరమ్మ ఆ గోధుమరంగు కోటులోనే తిరిగింది. ఫొటోలకి పిలిచారు. వియ్యపురాలు వచ్చి పక్కన నిలబడి, ఆప్యాయంగా నడుం చుట్టూ చెయ్యి వేసింది. చెయ్యి సరిగ్గా కాలవ మీద పడింది. మాస్టరమ్మ పళ్ళు బిగబట్టి నవ్వింది. "ఏంటి వదినగారూ, అందరూ పెళ్ళికని ఏవేవో చేయించుకుంటారు. మీరు మాత్రం ఆ రోజు చూసినట్టే ఉన్నారు, ఏం మారలేదు" అంది వియ్యపురాలు. ఫొటో తీశారు.

ఆ తర్వాత మాస్టరమ్మ కుర్చీల వరస చివర, జనానికి వీపు పెట్టి నిలబడింది. కాస్త ఊపిరి తీసుకుందామనుకుంది. పెద్దత్త అక్కడే కూర్చుని ఉంది. కళ్ళలో శుక్లాలు, మనుషుల్ని బట్టలు చూసి పోల్చుకుంటుంది. చేతికర్రతో కోటు అంచు తట్టింది.

"నలభై ఎనిమిదీ, కాసిని మంచినీళ్ళు పట్రావే."

మాస్టరమ్మ వెనక్కి తిరగలేదు. నాలుగడుగుల దూరంలో తోటికోడలు నిలబడి ఉంది. కొత్త బట్టలేసుకుంది, తల దువ్వుకుంది, చేతులు కట్టుకుంది. పెద్దత్త మాట స్పష్టంగా విన్నది. మాస్టరమ్మ ఆవిడ వైపు చూసింది, ఏదో ఒకటి చెప్పవే అన్నట్టు చూసింది. ఒక్క మాటంటే చాలు, నేనిక్కడున్నాను పెద్దత్తా అంటే చాలు. తోటికోడలు నోరెత్తలేదు.

"వినపడట్లేదా? నిన్నే" అంది పెద్దత్త, ఇంకాస్త గట్టిగా. చుట్టుపక్కల రెండు మూడు తలలు ఇటు తిరిగాయి. వియ్యపురాలి తల కూడా తిరిగింది.

"తెస్తున్నా" అంది మాస్టరమ్మ. గ్లాసు కోసం వెళ్ళింది.